వాన నీళ్లకు దారేది? ప్లాటు కొనే ముందు, వానాకాలం ముందు తెలుసుకోవాల్సినవి

కొల్లాపూర్‌లో వరద అంటే ఎవరికైనా మొదట కృష్ణానదే గుర్తొస్తుంది. శ్రీశైలం డ్యామ్ 885 అడుగులకు నిండితే, సోమశిల దగ్గర నీళ్లు ఎంతదాకా వచ్చాయని ఒకరినొకరు అడుగుతాం. 2009 అక్టోబరులో కర్నూలు, అలంపూర్ మునిగిన రోజుల గురించి పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్తుంటారు.

ఈ వ్యాసం నది గురించి కాదు. గంటసేపు గట్టి వాన కొడితే గల్లీలో మోకాలి లోతు నీళ్లు నిలబడటం, మోరీ నీళ్లు తిరిగి ఇంట్లోకి రావడం గురించి. దీన్ని అధికారులు 'పట్టణ ముంపు' అంటారు. 2005 జులై 26న ముంబైలో ఒక్కరోజులో 94 సెంటీమీటర్ల వాన పడి నగరం ఆగిపోయిన తర్వాత, ఇది నది వరద కంటే వేరే రకం విపత్తు అని కేంద్రం గుర్తించింది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లో దీనికోసం ప్రత్యేకంగా మార్గదర్శకాలు ఇచ్చింది. నది ఉప్పొంగాలంటే పైన ఎక్కడో రోజుల తరబడి వాన పడాలి. పట్టణం మునగడానికి ఒక్క గంట చాలు, నది పక్కన ఉండాల్సిన పని కూడా లేదు.

లెక్క వేసి చూద్దాం. 200 గజాల ప్లాటు అంటే సుమారు 167 చదరపు మీటర్లు. గంటలో 5 సెంటీమీటర్ల వాన పడితే ఆ ఒక్క ప్లాటు మీద 8 వేల లీటర్లకు పైగా నీళ్లు పడ్డట్టు. అలాంటివి వంద ప్లాట్లున్న కాలనీలో 8 లక్షల లీటర్లు, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు 160కి పైనే. మట్టి నేల ఉంటే కొంత ఇంకిపోతుంది. స్లాబు, సిమెంటు వాకిలి, సీసీ రోడ్డు అయితే దాదాపు అంతా మోరీలోకే పోవాలి. పాత పట్టణాల మోరీలను గంటకు 12 నుంచి 20 మిల్లీమీటర్ల వానకు సరిపోయేటట్టు కట్టారని ఆ మార్గదర్శకాల్లోనే ఉంది. 5 సెంటీమీటర్లంటే 50 మిల్లీమీటర్లు. అది కూడా మోరీ ఖాళీగా ఉంటేనే. సగం లోతు పూడిక ఉంటే పారే నీళ్లు సగం కంటే తక్కువకు పడిపోతాయి, ఎందుకంటే లోతు తగ్గితే నీళ్ల వేగం కూడా తగ్గుతుంది.

చిన్న పట్టణాల్లో ఇంకో చిక్కుంది. పెద్ద నగరాల్లో మురుగుకు పైపులు వేరు, వాన నీళ్లకు కాలువలు వేరు ఉంటాయి, కనీసం ఉండాలి. మన దగ్గర స్నానాల నీళ్లు, వంటింటి నీళ్లు, కొన్ని ఇళ్ల సెప్టిక్ ట్యాంకు నుంచి పొర్లే నీళ్లు, వాన నీళ్లు అన్నింటికీ ఒకటే మోరీ. అది పొంగితే ఇంట్లోకి వచ్చేది ఒట్టి వాన నీళ్లు కాదు.

చెరువుల గొలుసు తెగితే

మోరీ నీళ్లు చివరికి ఎక్కడికి పోవాలి? మన పాలమూరు ప్రాంతంలో దీనికి పాత జవాబు ఉంది. పై చెరువు నిండితే అలుగు పారుతుంది, ఆ నీళ్లు వాగు పట్టుకుని కింది చెరువులోకి పోతాయి, అక్కడి నుంచి ఇంకో చెరువులోకి, చివరికి నదిలోకి. గొలుసుకట్టు చెరువులంటే ఇవే. ఈ గొలుసులో ఒక్క కట్ట తెగినా, ఒక్క కాలువ మూసుకుపోయినా కింద ఉన్నవాళ్లకు ముప్పు.

దీనికి పెద్ద సాక్ష్యం హైదరాబాదే. 1908 సెప్టెంబరు 28న, ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, మూసీ పొంగి సుమారు 15 వేల మంది చనిపోయారని అంచనా. ఆ తర్వాత వచ్చి పరిశీలించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య నగరానికి ఎగువన మూసీ పరీవాహకంలో 788 చెరువులు ఉన్నాయని, వాటిలో 221 తెగాయని లెక్క తేల్చారు. వాన నీళ్లకు తోడు తెగిన చెరువుల నీళ్లు కూడా నగరం మీద పడ్డాయన్నమాట. ఆయన సలహాతోనే ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరద ఆపడానికి కట్టిన ఆ రెండు జలాశయాలు తర్వాత నగరానికి తాగునీళ్లూ ఇచ్చాయి.

వందేళ్లు దాటాక, 2020 అక్టోబరు 13న, బేగంపేటలో 24 గంటల్లో 19 సెంటీమీటర్లు, ఘట్‌కేసర్‌లో 32 సెంటీమీటర్ల వాన పడింది. మైలార్‌దేవ్‌పల్లి దగ్గర పల్లె చెరువు పొంగి అలీనగర్‌లో ఒకే కుటుంబంలోని మనుషులు కొట్టుకుపోయారు. ఫలక్‌నుమా వైపు అల్ జుబైల్ కాలనీ మునిగింది. నాలుగు రోజులకు మళ్లీ వాన పడి బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగితే హఫీజ్‌బాబానగర్ ఇళ్లల్లోకి నీళ్లు దూకాయి. టోలీచౌకీలో షాహాతిం తలాబ్ పక్కనే ఉన్న నదీం కాలనీ, జల్‌పల్లి దగ్గర ఉస్మాన్‌నగర్ కూడా మునిగాయి. ఉస్మాన్‌నగర్‌లోనైతే నెలల తరబడి నీళ్లు తగ్గలేదు.

ఈ పేర్లు చదివితే ఒక సంగతి మీకే తెలుస్తుంది. ఇందులో మనవాళ్ల బస్తీలు చాలా ఉన్నాయి. పల్లపు భూమి చవక. గల్ఫ్‌లో పదేళ్లు కష్టపడి పంపిన పైసలతోనో, బిడ్డ పెళ్లికి దాచినవాటితోనో, నోటరీ కాగితం మీద 60 గజాలు, 100 గజాలు కొన్న కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. అమ్మినవాడు డబ్బు తీసుకుని పోతాడు, నీళ్లు కొన్నవాళ్ల ఇంటికి వస్తాయి. అప్పుడు ప్రభుత్వం ఇంటికి 10 వేల రూపాయల సాయం ప్రకటించింది. ఒక ఫ్రిజ్జు, ఒక మంచం కొనడానికే అది సరిపోదు.

కొల్లాపూర్ అంత పెద్ద నగరం కాదు, నిజమే. అయితే కల్వకుర్తి నుంచి కొల్లాపూర్ మీదుగా నంద్యాలకు 167కే జాతీయ రహదారి, సోమశిల దగ్గర కృష్ణ మీద వంతెన అనుకున్నప్పుడే ఇక్కడి భూముల మీద బయటివాళ్ల కన్ను పడుతుందని తెలిసిందే. రోడ్డు వెంట వెంచర్లు వస్తాయి. రోడ్డు ఎత్తు లేపి, కల్వర్టులు చిన్నగా పెడితే ఆ రోడ్డే కట్టలాగా నీళ్లను ఆపుతుంది. పెద్ద నగరం చేసిన తప్పు చిన్న ఊరు ఇంకా చేయకముందే ఆగొచ్చు, అందుకే ఇంత చెప్పడం.

ప్లాటు దగ్గర ఏం చూడాలి

చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఆ గీతను ఎఫ్‌టీఎల్ అంటారు. దాని లోపల కట్టడం కుదరదు. దాని బయట కూడా కొంత జాగా వదలాలి, అదే బఫర్. 2012 నాటి బిల్డింగ్ రూల్స్ ప్రకారం 10 హెక్టార్లు, అంతకంటే పెద్ద చెరువైతే ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు. 10 మీటర్ల కంటే వెడల్పు ఉన్న వాగు, నాలా పక్కన 9 మీటర్లు, అంతకంటే సన్నటిదైతే 2 మీటర్లు.

'పట్టా ఉంది కదా' అని చాలామంది అంటారు. శిఖం భూమికి కూడా పట్టా ఉండొచ్చు. నీళ్లు తగ్గినప్పుడు సాగు చేసుకోవచ్చు కానీ ఇల్లు కట్టుకోరాదు. రిజిస్ట్రేషన్ అయింది, కరెంటు మీటర్ వచ్చింది, ఇంటి పన్ను కడుతున్నాం అన్నవి కూడా భద్రత ఇవ్వవు. 2020లో తెచ్చిన ఎల్‌ఆర్‌ఎస్‌లో సైతం చెరువు, నాలా బఫర్‌లోని ప్లాట్లకు క్రమబద్ధీకరణ లేదు. 2024 జులైలో ఏర్పడిన హైడ్రా ఔటర్ రింగ్ రోడ్డు వరకే కాబట్టి మనకు సంబంధం లేదనుకోవద్దు. కూల్చే సంస్థ ఏదైనా రూలు రాష్ట్రమంతా ఒకటే.

బయానా ఇచ్చేముందు సర్వే నంబరు తీసుకుని గ్రామ నక్షా చూడండి. అందులో వాగులు, చెరువులు గీసి ఉంటాయి. నీటిపారుదల శాఖ ఆఫీసులో ఎఫ్‌టీఎల్ గురించి రాతపూర్వకంగా అడగండి. కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ పెట్టుకుంటే పాత సంవత్సరాల ఫొటోలు ఉచితంగా కనిపిస్తాయి, వానాకాలంలో తీసినవి దొరికితే మీ ప్లాటు తడిగా ఉందో లేదో తెలుస్తుంది. అన్నింటికంటే తేలిక, ఆ చుట్టుపక్కల గొర్రెలు కాసేవాళ్లను, పాత రైతులను అడగడం. నీళ్లు ఎటు పోతాయో వాళ్లకు తెలిసినంత ఏ బ్రోకర్‌కూ తెలియదు.

మన చేతిలో ఉన్నది

పెద్ద మోరీల పూడిక ఏటా మార్చి 31లోపు తీసేయాలని 2010 మార్గదర్శకాలు చెప్తున్నాయి. చాలా ఊళ్లలో జరిగేది జూన్‌లో, మొదటి వాన పడ్డాక. తీసిన పూడికను మోరీ గట్టు మీదే కుప్ప పోస్తారు, తర్వాతి వానకు అది మళ్లీ లోపలికే జారుతుంది. ఆ పనికి బిల్లు మాత్రం పాస్ అవుతుంది. మీ వార్డులో ఎంత పూడిక తీశారు, ఎంత ఖర్చు పెట్టారు, ఎంబీ రికార్డు కాపీ ఇవ్వండి అని మున్సిపాలిటీకి సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు. ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. 2019 మున్సిపల్ చట్టం ప్రకారం ప్రతి వార్డుకు యువత, మహిళలు, సీనియర్ సిటిజన్లు, ప్రముఖులతో నాలుగు కమిటీలు ఉండాలి. మీ వార్డు కమిటీల్లో ఎవరున్నారో అడిగి చూడండి. అక్కడ పని కాకపోతే సోమవారం నాగర్‌కర్నూల్ కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంది.

ఇక మన వైపు మాట. ఈ మధ్య సంవత్సరాల్లో బక్రీద్ సరిగ్గా వానాకాలానికి ముందు, లేదా మొదట్లో వస్తోంది. ఖుర్బానీ తర్వాత ఓజ్రీ, వ్యర్థాలు కవర్లో కట్టి మోరీలో వేసే అలవాటు కొన్ని గల్లీల్లో ఉంది. కొవ్వు గట్టిపడి, కవర్ కల్వర్టు మూతికి అడ్డం పడితే ఆ నీళ్లు మనింటికే వస్తాయి. దారిలో అడ్డు తీయడం సదఖా అని బయాన్‌లో వింటాం, మోరీ కూడా దారే. మసీదు కమిటీ పండుగకు వారం ముందే మున్సిపాలిటీతో మాట్లాడి బండి పెట్టించుకోవచ్చు, లేదా గుంత తీసి పూడ్చే ఏర్పాటు చేయొచ్చు. వజూ నీళ్లను ఇంకుడు గుంతకు మళ్లిస్తే మోరీ మీద భారం కొంత తగ్గుతుంది.

ఇంకో పని ఆఫ్రికాలో చేసి చూపించారు. టాంజానియాలోని దార్ ఎస్ సలామ్‌లో వాన పడితే మ్సింబాజీ నది పక్క బస్తీలు మునుగుతాయి. ఏ మోరీ ఎటు పోతుందో చెప్పే సరైన మ్యాపు అక్కడ లేదు. 2015లో 'రమానీ హురియా' అనే కార్యక్రమంలో యూనివర్సిటీ విద్యార్థులు, బస్తీవాళ్లు కలిసి ఫోన్లు పట్టుకుని గల్లీ గల్లీ తిరిగి మోరీలు, కల్వర్టులు, నీళ్లు నిలిచే చోట్లు అన్నీ ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌లో ఎక్కించారు. అదే ఏడాది ఘనా రాజధాని అక్రాలో, చెత్తతో నిండిన కాలువలు పొంగిన రాత్రి, వానకు తలదాచుకున్న పెట్రోల్ బంకు పేలడంతో కలిపి 150 మందికి పైగా పోయారు. కొల్లాపూర్‌లో 20 వార్డులు. డిగ్రీ చదివే పిల్లలు నలుగురైదుగురు సెలవుల్లో తిరిగితే మన మోరీల మ్యాపు తయారవుతుంది. ఎక్కడ మూసుకుందో ఫొటోతో సహా చూపిస్తే కమిషనర్‌కు 'తెలియదు' అనే వీలుండదు.

నీళ్లు వచ్చేస్తే మాత్రం ముందు మెయిన్ స్విచ్ ఆపండి, తడి చేత్తో ముట్టుకోవద్దు. కాగితాలు, మందులు పైకి పెట్టండి. మోరీ మూత తెరిచి ఉన్న దారిలో పిల్లలను నడవనీయొద్దు. నీళ్లు తగ్గాక సంపు ఖాళీ చేసి, బ్లీచింగ్‌తో కడిగాకే వాడండి, కొన్ని రోజులు తాగే నీళ్లు మరిగించండి. మోరీ పక్క నుంచే నల్లా పైపు పోయే గల్లీల్లో ఇది తప్పనిసరి. జిల్లా కంట్రోల్ రూమ్ టోల్‌ఫ్రీ నంబరు 1077, అంబులెన్స్‌కు 108.