పాట, బాట, మాట

నిజామాబాద్ స్టేషన్. ప్లాట్‌ఫాం మీద రాయలసీమ ఎక్స్‌ప్రెస్ సిద్ధంగా ఉంది. ఎక్కితే రేపు పొద్దుటికి తిరుపతి. నీ చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో పదో తరగతి మెమో, సదరం సర్టిఫికెట్, టీసీ. ఆ టీసీ ఒక్కటే. ఇవాళ ఇక్కడి కాలేజీలో ఇవ్వాలి, లేదంటే రేపు తిరుపతిలో, టీటీడీ నడిపే బధిరుల జూనియర్ కాలేజీలో.

పొద్దున బోధన్‌లో బస్సెక్కేటప్పుడు శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ చిమ్నీ చూశావు. పొగ లేదు. 2015 డిసెంబరులో మూతపడింది. దాని సైరన్ నువ్వెప్పుడూ వినలేదు. నాన్న గబుక్కున టిఫిన్ డబ్బా అందుకుంటే మోగిందని తెలిసేది. నీకు లోకం కబురు ఎప్పుడూ అలాగే అందుతుంది, ఎదుటివాళ్ల చేతుల్లోంచి, ముఖాల్లోంచి.

పోయిన వారం ఇక్కడి కాలేజీలో ముందు బెంచీలో కూర్చున్నావు. సార్ మంచివాడే. నీ వైపు తిరిగి నిదానంగా చెబుతున్నాడు. పెదవులు కలుస్తున్నాయి, విడిపోతున్నాయి. పాటా? బాటా? మాటా? కావాలంటే అద్దం ముందు గొంతు రానీకుండా అని చూడు, మూడూ ఒకటే. మిగతా వాక్యం పట్టుకుని ఊహించాలి. ఊహించేలోపు సార్ బోర్డు వైపు తిరిగాడు. ఇక నీకు కనిపించేది చొక్కా వీపు, సుద్దముక్క. పక్కమ్మాయి నవ్వింది. నువ్వూ నవ్వావు, ఎందుకో తెలియకుండానే. సాయంత్రానికి కళ్లు లాగేశాయి, మెడ పట్టేసింది.

ఇప్పుడు బోగీ కిటికీలో ఆ తిరుపతి కాలేజీ సీనియర్ అక్క ఒకామె ఉంది. ఆమె స్నేహితురాలు దూరంగా నల్లా దగ్గర సీసా నింపుకుంటోంది. ఇంత జనంలో, ఇంత గోలలో, ఇద్దరూ తీరిగ్గా కబుర్లాడుకుంటున్నారు. చేతులతో. నీకు పదింట నాలుగు అర్థమవుతున్నాయి. ఇంట్లో నీవి అమ్మకీ నీకూ మాత్రమే తెలిసిన సైగలు. వాళ్లది భారతీయ సంజ్ఞా భాష. దానికి వ్యాకరణం ఉంది, 2021 నాటికే 10,000 పదాల నిఘంటువు ఉంది.

అక్క నీ కనుబొమ్మ మీది మచ్చ చూస్తుంది. తన కనుబొమ్మను రెండు వేళ్లతో తాకి, నిన్ను చూపిస్తుంది. మళ్లీ అదే. అది నీ పేరు! బధిరులు ఒకరికొకరు ఇలాగే పేర్లు పెట్టుకుంటారు. పదహారేళ్లుగా నీ పేరు నువ్వు వినలేదు. ఇప్పుడు చూశావు.

అమ్మ నీ గడ్డం పట్టి తన వైపు తిప్పుకుంటుంది. "ఆడ గదే అలవాటైతే, మాతోని ఎట్ల మాట్లాడ్తవ్ బిడ్డా?"

అమ్మ పెదవులు నీకు కొట్టిన పిండి. ఒక్క మాటా జారిపోలేదు. ఆమె భయం ఉత్తది కాదు. రెండేళ్ల తర్వాత డిగ్రీ ఉంది. 2016 చట్టం ప్రకారం సర్కారు కాలేజీల్లో దివ్యాంగులకు 5 శాతం సీట్లు ఉన్నాయి, కానీ అక్కడ మళ్లీ బోర్డు వైపు తిరిగే సార్లే ఎదురుకావచ్చు. అయినా నా మనసు ఆ బోగీ వైపే లాగుతోంది. రెండేళ్లు ఊహించే పని లేకుండా చదువుకుంటే, తర్వాత ఎక్కడ కూర్చున్నా నీ చేతుల్లో ఒక భాష ఉంటుంది.

అరికాళ్లలో అదురు. ఇంజను.

జనం పరుగెడుతున్నారు. నాన్న నీ బ్యాగు లోపల పెట్టేశాడు. నీ చెయ్యి కమ్మీ మీద. ఒక కాలు మెట్టు మీద. ఒక కాలు కింద.

అమ్మ వైపు తిరుగుతావు. పెదవులు కలిస్తే పో. కలవకపోతే రా.

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అదురు పెరుగుతోంది. తలుపు దగ్గర అక్క చెయ్యి చాచింది.