నీడను అమ్ముకొన్న వనిత

పందొమ్మిదవ శతాబ్దిలో ఛాయాచిత్రం తీయించుకోవడమంటే ఇంటిల్లిపాదికీ ఒక వేడుక. ఉన్నవాటిలో మేలైన దుస్తులు ధరించి కెమెరా ముందు కూర్చొనేవారు. ఆ భాగ్యం అందరిదీ కాదు. 1850లో అమెరికాలోని దక్షిణ కరోలినా రాష్ట్రంలో జోసెఫ్ జీలీ అనే ఛాయాగ్రాహకుడు ఏడుగురు నల్లజాతి బానిసల దుస్తులు తీయించి చిత్రాలు తీశాడు. జాతులు వేర్వేరుగా పుట్టాయని నిరూపించగోరిన లూయీ అగసీ అనే శాస్త్రజ్ఞుడికి ఆ చిత్రాలు కావలసివచ్చాయి.

ఆ తరువాత పదమూడేండ్లకు సోజర్నర్ ట్రూత్ తన చిత్రాలను తానే తీయించుకొన్నది. ఆమె న్యూయార్కు రాష్ట్రంలో సుమారు 1797లో బానిసగా జన్మించింది. తొలి పేరు ఇసబెల్లా, మాతృభాష డచ్చి. తొమ్మిదేండ్ల ప్రాయంలో గొర్రెలమందతో కలిపి నూరు డాలర్లకు ఆమెను వేలంలో అమ్మారు. 1826లో పసిబిడ్డనెత్తుకొని యజమాని ఇల్లు విడిచింది. 1843లో కొత్త పేరు పెట్టుకొని ఊరూరా ఉపన్యసించసాగింది. ఆమెకు చదవడం, వ్రాయడం రాదు.

చిత్రాలలో ఆమెది ముదురురంగు నిండు గౌను, భుజాలపై శాలువ, తలపై తెల్లని కుళ్ళాయి. క్వేకరు స్త్రీల నిరాడంబర వేషాన్ని అది తలపిస్తుంది. చేతిలో ఊలు అల్లిక, ప్రక్క బల్లపై పూలు, ఒక పుస్తకం. పూలు, పుస్తకం ఆనాటి స్టూడియోలలో మామూలు అలంకారాలే. అల్లిక సంగతి వేరు: విముక్తులైన స్త్రీలకు ఇంటిపనులు నేర్పిన చేతులవి.

1863లోనే, కొరడా మచ్చలతో నిండిన ఒక బానిస వీపు చిత్రం ఉత్తరాది రాష్ట్రాలలో విరివిగా అమ్ముడుపోయింది. అటువంటి మచ్చలు ట్రూత్ వీపుమీదా ఉన్నాయి. వాటిని ఆమె శాలువ క్రిందనే ఉంచింది. జాలిపడేవారికి ఆమె చిత్రంలో చూడదగినదేమీ లేదు.

ఆమె మాటలను మాత్రం ఇతరులే వ్రాశారు. దక్షిణాదిలో ఎన్నడూ బానిసగా ఉండని ఆమె నోట దక్షిణాది బానిసల యాసను పెట్టి, ఆమె పాత ఉపన్యాసాన్ని ఒక రచయిత్రి 1863లో ప్రకటించింది. ఆ వ్రాతను సరిదిద్దడం ట్రూత్‌కు సాధ్యం కాలేదు. చిత్రం విషయంలో అలా జరగనీయలేదు. 1864లో వాటి హక్కును, ఛాయాగ్రాహకుని పేర కాక, తన పేరనే నమోదు చేయించింది. జీవికకోసం సభలలో వాటిని అమ్మేది. నిజదేహాన్ని పోషించుకోవడానికి నీడను అమ్ముతున్నానన్న భావంతో ఒక వాక్యం అట్టలపై అచ్చు వేయించింది. ఆ కాలపు ఇంగ్లీషులో నీడ అంటే ఛాయాచిత్రం కూడా. తెలుగు మాటలోనూ ఉన్నది ఆ ఛాయే. ఒకనాడు ఆ దేహాన్ని ఇతరులు అమ్మారు. దాని నీడను అమ్మినది ఆమె.