ఆసుపత్రి భవన రూపకల్పన

ఆసుపత్రి భవన రూపకల్పన అనగా రోగులు, సిబ్బంది, సహాయకులు, మందులు, వ్యర్థాలు ఒకే ఆవరణలో ఒకరి వలన మరొకరికి హాని కలగకుండా కదిలేటట్లు వైద్యశాలను నిర్మించే పద్ధతి. ఇది వాస్తుశిల్పంలో ఒక విభాగం. గాలి, వెలుతురు, నీరు, రాకపోకల దారులు ఇందులో ముఖ్యాంశాలు. అనంతపురం పీఠభూమి వంటి కరవు ప్రాంతాలలో ఎండ, నీటి కొరత ఈ పనిని మరింత కష్టతరం చేస్తాయి.

చరిత్ర

ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో వెలువరించిన 'నోట్స్ ఆన్ హాస్పిటల్స్' గ్రంథంలో, రెండు వైపులా కిటికీలున్న పొడవైన వార్డులను సమర్థించింది. హైదరాబాదులో 1908 మూసీ వరదల అనంతరం నిర్మించిన ఉస్మానియా ఆసుపత్రి భవనానికి విన్సెంట్ ఎష్ రూపకల్పన చేశాడు. పుట్టపర్తిలో 1991లో ప్రారంభమైన సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి కీత్ క్రిచ్‌లో వాస్తుశిల్పి.

బత్తలపల్లె

బత్తలపల్లె శ్రీ సత్యసాయి జిల్లాలోని మండల కేంద్రం. 2022 ఏప్రిల్ వరకు ఇది అనంతపురం జిల్లాలో ఉండేది. విన్సెంట్ ఫెర్రర్ 1969లో స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్డీటీ) ఇక్కడ ఆసుపత్రిని నడుపుతున్నది. ఇది హెచ్.ఐ.వి., క్షయ రోగుల చికిత్సకు పేరొందినది. 2020లో దీనిని కోవిడ్ ఆసుపత్రిగా వినియోగించారు.

ఇటువంటి ఆసుపత్రికి భవన రూపకల్పన ప్రాణాలకు సంబంధించిన విషయం. హెచ్.ఐ.వి. సోకినవారి మరణాలకు క్షయ ప్రధాన కారణం. క్షయ గాలి ద్వారా వ్యాపిస్తుంది. ఈ ఇరువురూ ఒకే మూసిన గదిలో వేచి ఉంటే, చికిత్సకు వచ్చిన చోటనే కొత్త జబ్బు అంటుకొనే ప్రమాదం ఉంది.

గాలి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 మార్గదర్శకాల ప్రకారం, సహజ గాలిపై ఆధారపడే సాధారణ వార్డులలో ఒక్కొక్క రోగికి సెకనుకు 60 లీటర్లు, గాలి ద్వారా వ్యాపించే జబ్బులున్న కొత్త గదులలో 160 లీటర్ల గాలి అందాలి. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటినపుడు కిటికీలు మూసి ఏ.సి. వేస్తే చల్లదనం వస్తుంది గాని, బయటి గాలి ఆగిపోతుంది. అందువలన ఎత్తైన కప్పు, ఎదురెదురు కిటికీలు, నీడనిచ్చే వరండాలు, సున్నం పూసిన తెల్లని పైకప్పు మేలు. దగ్గు ఉన్నవారిని తెరచిన వరండాలో విడిగా కూర్చోబెట్టాలి. నైరుతి, ఈశాన్య ఋతుపవనాల కాలాలలో గాలి దిశ మారుతుంది కనుక, క్షయ వార్డును ఒక దిశలో పెట్టినంత మాత్రాన చాలదు, తగిన దూరం కూడా ఉండాలి.

నీరు

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం వార్డులోని రోగికి రోజుకు 40 నుండి 60 లీటర్లు, ఒక్కొక్క శస్త్రచికిత్సకు 100 లీటర్ల నీరు అవసరం. అనంతపురం ప్రాంతపు సగటు వర్షపాతం ఏటా సుమారు 550 మి.మీ. అంటే 1,000 చదరపు మీటర్ల పైకప్పుపై పడే నీరు ఏడాదికి 5.5 లక్షల లీటర్లు మించదు. వంద పడకలకు రోజుకు 5,000 లీటర్ల చొప్పున ఇది 110 రోజులకు సరిపోతుంది. కనుక వాన నీటి తొట్టెలు, బోరు నీటి శుద్ధి, వాడిన నీటి పునర్వినియోగం మొదటి నక్షాలోనే చేర్చాలి.

దారులు, సహాయకులు

స్ట్రెచర్లు, చక్రాల కుర్చీలు వెళ్ళే వాలుదారి 12 అడుగులకు ఒక అడుగు కంటె నిటారుగా ఉండరాదు. 2016 నియమాల ప్రకారం పసుపు, ఎరుపు, తెలుపు, నీలం రంగులలో వేరుచేసిన జీవవైద్య వ్యర్థాలను రోగుల దారిలో తరలించకుండా వేరే మార్గం ఉంచడం మంచిది. పల్లెల నుండి వచ్చే రోగి వెంట బంధువులు ఉంటారు. వంటకు, నిద్రకు వేరే షెడ్డు లేకుంటే వారు వార్డు నడవాలలోనే పడుకుంటారు. దానివలన స్ట్రెచర్లకు దారి మూసుకుపోతుంది, వారికి అంటువ్యాధుల ముప్పు పెరుగుతుంది.