పాటలో నిలిచిన కథలు

రాజుల చరిత్రమునకు శాసనములు సాక్ష్యము. సర్కారు చరిత్రమునకు దస్తరములు సాక్ష్యము. పల్లెప్రజల చరిత్రమునకు సాక్ష్యమేది యని యడిగినచో మన సీమ పాటను చూపును. అక్షరము నేర్వని మన పెద్దలు తాము కన్నదియు విన్నదియు కథగా కూర్చి, పాటగా కట్టి, మనుమల కప్పగించిరి.

మన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములవారికి గొరవయ్యలు సుపరిచితులు. ఎలుగుబంటి తోలు టోపీ ధరించి, డమరుకము, పిల్లనగ్రోవి పూని, వారు మైలారలింగని మహిమలను గానము చేయుదురు. హొళగుంద సమీపమునందలి దేవరగట్టున మాళ మల్లేశ్వరస్వామి మణి మల్లాసురులను సంహరించిన కథను విజయదశమి రాత్రి జనులు ఉత్సవముగా స్మరింతురు. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1 వరకు బళ్ళారి జిల్లాలోనివి. నాడు జిల్లా సరిహద్దు మారినది గాని, మైలారుని కథ మాత్రము తెలుగునాటను కన్నడనాటను ఒక్కటిగనే నిలిచినది.

ఇది దేవుని కథ. మనుష్యుల కథలను సైతము పాటయే కాపాడినది. నేడు నంద్యాల జిల్లాలోనున్న ఉయ్యాలవాడకు చెందిన నరసింహారెడ్డి 1846లో కుంపిణీ సర్కారును ఎదిరించెను. 1847 ఫిబ్రవరి 22న ఆయనను కోవెలకుంట్లలో బహిరంగముగా ఉరితీసి, జనులు భయపడుటకై శిరస్సును కోటగుమ్మమున వ్రేలాడదీసిరి. అది 1877 వరకు అట్లే యుండెను. కుంపిణీ కాగితములకు ఆయన తిరుగుబాటుదారు; పాటకు మాత్రము వీరుడు. ముప్పదియేండ్లు శిరస్సును వ్రేలాడదీసిన ప్రభుత్వము పల్లెల నోటిని కట్టలేకపోయెను. అదే యూరి బుడ్డా వెంగళరెడ్డి 1866 నాటి కరవులో అన్నార్తులకు గంజి పోయించి ప్రాణములు నిలిపెను. కత్తి పట్టినవానికే గాక గంజి పోసినవానికిని పాట కట్టుట మన సీమవాసుల కృతజ్ఞతకు గుర్తు.

ఇంత పెద్ద కథ నోట నెట్లు నిలిచినది? బుర్రకథను చూచినవారికి ఆ మర్మము తెలియును. కథకుడు తంబుర మీటుచు ఒక చరణము పాడును. ఇరుప్రక్కల గుమ్మెటలవారు తందాన యని వంత పలుకుదురు. ఆ వంత ముగియు లోపల కథకునికి ముందరి మాట తట్టును. శ్రోతకు వెనుకటి మాట నాటును.

అయినను పాట చెప్పినదెల్ల యథార్థమనరాదు. పాటకు తేదీలతో పనిలేదు. వీరుని బలమును పదింతలు చేయుట దానికి సహజము. దస్తరము సంభవమును చెప్పును. పాట అది జనహృదయమున కలిగించిన బాధను చెప్పును. పడుగు లేక పేక నిలువదు, పేక లేక గుడ్డ కాదు. ఎమ్మిగనూరు నేతగాండ్రకు ఈ మాట వివరింప బనిలేదు.

ఆచార్య తంగిరాల వెంకట సుబ్బారావుగారు ఇట్టి వీరగాథలను పరిశోధించి గ్రంథస్థము చేసి మహోపకార మొనర్చిరి. కాని ప్రతి పల్లెకు ఒక పండితుడు రాజాలడు. గాయకుడు కన్నుమూసిననాడు అతని పాటయు గతించును. కావున మన గ్రంథాలయమున ఒక తెల్ల పుస్తకము నుంచి, వృద్ధులు పాడు కథలను పాడినది పాడినట్లుగా, వారి పేరుతో, ఊరితో వ్రాసి యుంచుట మన విధి. వారి శ్రమకు తగిన పారితోషికము నిచ్చుటయు న్యాయము.

ఇరువదియైదేండ్లు ఊరికి పుస్తకములు తెచ్చితిమి. ఇక ఊరి పాటను పుస్తకమునకు చేర్చుదము.