డిస్కు ఆడింది, లింకే తెరుచుకోలేదు

మొన్న దసరాకి అటక సర్దుతుంటే మా మరిది పెళ్లి డీవీడీ దొరికింది. 2007 నాటిది. పిల్లల పాత కంప్యూటర్‌లో పెడితే మాంగల్యధారణ, తలంబ్రాలు అన్నీ చక్కగా ఆడాయి. డిస్కులోనే 'మరిన్ని ఫొటోలు' అని ఒక లింకు ఉంది. మా మామగారు బంతిలో అందరికీ స్వయంగా నెయ్యి వడ్డిస్తున్న ఫొటోలు అందులోనే ఉండేవి. నొక్కాను. పేజీ లేదని వచ్చింది. ఆయనా లేరు, ఆ ఫొటోలూ లేవు.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. డీవీడీ జపాన్‌లో 1996 నవంబరులో, అమెరికాలో 1997 మార్చిలో అమ్మకానికొచ్చింది. టీవీ కింద పెట్టుకునే ప్లేయర్‌కి బొమ్మ, మాట, మెనూ తెలుసుగానీ ఇంటర్నెట్ తెలియదు. అందుకని హాలీవుడ్ వాళ్లు సినిమాతో పాటు డిస్కులోనే కంప్యూటర్ కోసం ఒక ప్రోగ్రాం పెట్టేవారు. మొదట దాని పేరు పీసీఫ్రెండ్లీ, తరవాత ఇంటర్‌యాక్చువల్ ప్లేయర్. దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించుకుంటేనే సినిమా వెబ్‌సైటు లింకులు తెరుచుకునేవి. 1999లో వచ్చిన 'ది మ్యాట్రిక్స్' డీవీడీలో ఇలాంటివే ఉండేవి. పీసీఫ్రెండ్లీ విండోస్ కోసం చేసింది కాబట్టి మ్యాక్ ఉన్నవాళ్లకి దక్కలేదు. టీవీలో చూసేవాళ్లకి ఆ లింకులు ఉన్నా లేనట్టే.

2006లో బ్లూరే వచ్చింది. తొలి ప్లేయర్లకి నెట్ కలుపుకునే తప్పనిసరి ఏర్పాటు లేదు. తరవాత 'బీడీ లైవ్' అని పెట్టారు. దానికి నెట్ కనెక్షనూ, 1 జీబీ మెమరీ ఉండాలి. ప్లేస్టేషన్ 3 ఉన్నవాళ్లకి 2008లో సాఫ్ట్‌వేర్ మారిస్తే సరిపోయింది. ఆ వసతులు లేని ప్లేయర్ ముందే కొన్నవాళ్లు మాత్రం ఏం చేయగలరు? దాని పోటీదారు హెచ్‌డీ డీవీడీ ప్లేయర్లకి మొదటినుంచీ నెట్ ఉండాల్సిందే. అయినా 2008 ఫిబ్రవరిలో తోషిబా దాన్నే ఆపేసింది.

అన్నిటికీ మూలం ఒక్కటే. డిస్కు ఒకసారి అచ్చయితే ఇక మారదు. విండోస్ మారుతుంది, ప్లేయర్ మారుతుంది, వెబ్‌సైటు నడిపేవాళ్లు డబ్బు కట్టడం మానేస్తారు. ఊరగాయ జాడీలో పెట్టుకున్నది మనది. పక్కింట్లో దాచింది, వాళ్లు ఇల్లు ఖాళీ చేస్తే పోయినట్టే.

మా ఆడపడుచుకి ఫోన్ చేస్తే, "వదినా, నా దగ్గర ఒకటుంది" అని పంపింది. నెయ్యి గిన్నెతో మామగారు, కాస్త మసగ్గా. వెంటనే ప్రింటు తీయించి అత్తయ్యగారి చేతిలో పెట్టాను. ఆవిడ చాలాసేపు చూసి, "ఆ రోజు ఎంత చెప్పినా కూర్చోలేదమ్మా" అన్నారు.

మీ ఇంట్లోనూ అలాంటి డిస్కులుంటే, ఈ ఆదివారమే ఒకసారి పెట్టి చూడండి. లింకు ఇంకా తెరుచుకుంటుంటే, ఫొటోలన్నీ మీ దగ్గరికి దింపుకోండి.