నీవు చేయు పని యేమి?



వైద్యుడు రోగి ప్రక్కను కూర్చుండి అడుగు ప్రశ్నలు మనకందఱకును పరిచితములే. జ్వర మెన్నాళ్లనుండి? ఆకలి యగుచున్నదా? నిద్ర పట్టుచున్నదా? గ్రీసుదేశపు హిపోక్రటీసు కాలమునుండియు వైద్యు లిట్లే అడుగుచుండిరి. ఈ ప్రశ్నలతోబాటు రోగి చేయు పని యేమో కూడ తెలిసికొనవలెనని 1700 సంవత్సరమున ఇటలీదేశపు వైద్యు డొకడు వ్రాసెను. ఆ చిన్న ప్రశ్నయొక్క చరిత్రను నేడు మీకు మనవి చేయదలచితిని.

ఆయన పేరు బెర్నార్డినో రామజ్జీని. 1633లో కార్పి పట్టణమున జన్మించి, మోడెనా విద్యాపీఠమున ఆచార్యుడై యుండెను. ఒకనాడు ఆయన యింటి మరుగుదొడ్డి గోతిని శుభ్రపఱచుటకు పనివారు వచ్చిరి. వారిలో నొకడు మిక్కిలి ఆత్రముతో పనిచేయుట చూచి రామజ్జీని జాలిపడి, అంత తొందర యేల, మెల్లగా చేయరాదా యని యడిగెను. ఆ పనివాడు గోతినుండి తల యెత్తి, ఇందు నాలుగు గంటలకు మించి యుండువాడు గ్రుడ్డివాడగుటయే యని చెప్పెను. వాడు పైకి వచ్చిన పిదప చూడగా కన్ను లెఱ్ఱబాఱి మసకవేసి యుండెను. దీనికి మీరు చేసికొను చికిత్స యేమనగా, ఇంటికి పోయి చీకటిగదిలో తలుపు మూసికొని, మఱునాటివఱకు గోరువెచ్చని నీటితో కన్నులు కడుగుకొందుమని మాత్రమే బదులు చెప్పెను.

ఇచ్చట ఒక సంగతి గమనింపుడు. గోతివలన కన్నులు చెడునని వైద్యుడు కనిపెట్టలేదు. అది పనివానికి ముందే తెలియును. వైద్యుడు చేసిన ఘనకార్య మంతయు అడుగుట, చెప్పినది వినుట. అంతటితో ఆయన ఊరకుండలేదు. కుమ్మరుల కొట్టములకు, అద్దములకు పాదరసము పూయువారి కడకు, రాళ్లు చెక్కువారి కడకు పోయి విచారించెను. తత్ఫలితముగ 1700లో వృత్తివ్యాధులపై ఒక గ్రంథము వెలువడెను. 1713 నాటి రెండవ కూర్పున ఏబదికి పైగా వృత్తులు చేరినవి.

గోతి పనివారి వద్దనున్న రాగి, వెండి నాణెములు నల్లబడుటను గూడ రామజ్జీని గుర్తించెను. ఆ నలుపునకు కారణమైనది హైడ్రోజన్ సల్ఫైడ్ అను వాయువని నేటి శాస్త్రము చెప్పుచున్నది. అది స్వల్పముగ నున్నపుడు కుళ్లిన గ్రుడ్ల వాసన కొట్టును, కన్నులను మండించును. మిక్కుటమైనపుడు ఘ్రాణశక్తినే చంపివేయును. వాసన పోయినది గదా, అపాయమును పోయినదని తలంచి దిగువాడు మరల పైకి రాడు. వానిని రక్షింప దిగిన రెండవవాడును, మూడవవాడును అట్లే కూలుదురు.

కారణము తెలిసినంతమాత్రమున ఆపద తొలగునా? చరిత్ర అట్లు చెప్పుటలేదు. లండనులో పొగగొట్టములను చిన్న బాలుర నెక్కించి తుడిపించెడివారు. ఆ మసివలన వారికి పెద్దయిన పిమ్మట పుట్టకురుపు కలుగుచున్నదని పెర్సివాల్ పాట్ అను శస్త్రవైద్యుడు 1775లో వ్రాసెను. పొడుగు కఱ్ఱలకు కట్టిన కుంచె లటుతరువాత కొలదికాలమునకే వచ్చినవి. అయినను బాలుర నెక్కించు దురాచారము 1875 నాటి శాసనమువలనగాని అడుగంటలేదు. నూఱేండ్లు! అగ్గిపెట్టెల కర్మాగారములలో తెల్ల భాస్వరము తగిలి పనివారి దవడ యెముకలు కుళ్లుచుండెను. హానిలేని ఎఱ్ఱ భాస్వరము 1845 నాటికే తెలియును. తెల్లదానిని నిషేధించుటకు పలుదేశములు బెర్ను నగరమున ఒడంబడిక చేసికొనినది 1906లో. తెలియనందున కాలేదీ జాగు. చచ్చువాడు పేదవాడగుటచే నైనది.

ఇంగ్లండు ననుచున్నాను గాని, నా మాట చెప్పవలదా? కొన్నేండ్ల క్రిందట మా వీధిలో భూగర్భపు మురుగుకాలువ పొరలినది. ఒక పడుచువాడు నడుమునకు త్రాడు కట్టుకొని, మూత తెఱచి లోనికి దిగెను. నేనును తక్కిన యిండ్లవారివలెనే ముక్కు మూసికొని, త్వరగా కానిమ్మని చెప్పి లోపలికి పోయితిని. దైవవశమున వాడు క్షేమముగ పైకి వచ్చెను. తరువాత రామజ్జీని వృత్తాంతము చదివినపుడు సిగ్గుతో తల వంచితిని. తొందర యేల యని ఆయన అడిగెను, నేను తొందరపెట్టితిని.

మన దేశమున మలమును చేతులతో నెత్తించుటను నిషేధించు శాసనము 1993లో వచ్చినది. అది కాగితముపైననే యుండుటచే, కోలారు బంగారుగనుల పట్టణమున ఆ వృత్తివారి కుటుంబములోనే జన్మించిన బెజవాడ విల్సన్ ప్రభృతులు స్థాపించిన సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో సుప్రీముకోర్టు కెక్కినది. రక్షణసాధనములు లేకుండ మనుష్యుని మురుగుకాలువలోనికి, సెప్టిక్ ట్యాంకులోనికి దింపుట నేరమని 2013 నాటి శాసనము నిర్ణయించినది. 1993 మొదలు అట్లు మరణించినవారి కుటుంబములకు తలకొక 10 లక్షల రూపాయ లీయవలెనని 2014లో ఆ న్యాయస్థానము తీర్పు చెప్పినది. 2023లో దానిని 30 లక్షలకు పెంచినది. ఇరుకు సందులలోనికి పోగల చిన్న జెట్టింగు యంత్రములను 2017లో హైదరాబాదు జలమండలి ప్రవేశపెట్టినది. శాసనమున్నది, యంత్రమున్నది, అయినను గోతులలో ఊపిరాడక చనిపోయినవారి వార్తలు పత్రికలలో ఆగలేదు.

ప్రమాదము జరిగినపుడెల్ల పనివాడు జాగ్రత్త పడలేదని మనమందుము. మోడెనాలోని పనివానికి జాగ్రత్త లేకపోలేదు. వాని జాగ్రత్త యే ఆ తొందర. వానిని కాపాడవలసినది వాని నేర్పు కాదు, వానిని ఆ గోతిలోనికి దింపకుండుట.

కావున శ్రోతలారా, మీ యింటి గోతి నిండిననాడు మనుష్యుని పిలువకుడు, యంత్రమును పిలువుడు. లోన నొకడు పడియున్నను, గాలి నందించు సాధనము లేనిదే మఱియొకనిని దింపకుడు, అగ్నిమాపకదళమువారిని రప్పింపుడు. ఇక మీ గడపకు వచ్చు పనివానిని, అతడు రాళ్లు కొట్టువాడైనను, రంగులు వేయువాడైనను, ఈ పనివలన నీకేమి బాధ కలుగుచున్నదని ఒక్కమాట అడుగుడు. సమాధానము వానియొద్ద సిద్ధముగనే యుండును.