ఆటలో మాస్టర్ చీఫ్, అడవిలో గంటం దొర: ఆర్డర్ ఎవరిది, ముందు నడిచేదెవరు?



ఇది కొంచెం పెద్ద పోస్టు. తీరిగ్గా చదవండి.

మన హాస్టల్ పిల్లల నోట "ర్యాంకు" అనే మాట రోజుకు ఎన్నిసార్లు వస్తుందో ఎప్పుడైనా లెక్కపెట్టారా? పొద్దున ఎంసెట్ ర్యాంకు, రాత్రి ఫోన్‌లో ఫ్రీ ఫైర్ ర్యాంకు. పోయిన సెలవుల్లో ఊళ్లో ఉన్నప్పుడు మా పిన్ని కొడుకు, ఇంటర్ చదివేవాడు, నన్ను ఒకటి అడిగాడు. "అన్నా, హేలో గేములో మాస్టర్ చీఫ్ అంటారు కదా, అంటే వాడే అందరికన్నా పెద్ద ఆఫీసరా? మన కలెక్టర్ లాగానా?" నేను నవ్వి, "కాదురా, వాడసలు ఆఫీసరే కాదు" అన్నాను. వాడు నమ్మలేదు. వాడికి చెప్పబోయి నేనే చాలా చదవాల్సొచ్చింది. చదివిందంతా ఇక్కడ రాస్తున్నా.

ముందు మాస్టర్ చీఫ్ సంగతి. ఆయన పూర్తి హోదా మాస్టర్ చీఫ్ పెటీ ఆఫీసర్. అమెరికా నేవీలో ఈ హోదాను 1958లో పెట్టారు. సిపాయిగా చేరినవాడు మెట్టు మెట్టు ఎక్కి చేరుకోగలిగే చివరి మెట్టు అది. ఆ పైన ఇంకో నిచ్చెన ఉంటుంది, ఆఫీసర్లది. అకాడమీలో చదివి నిన్నగాక మొన్న బయటికొచ్చిన కుర్ర ఆఫీసర్ ఎదురైనా, 25 ఏళ్ల సర్వీసున్న మాస్టర్ చీఫే ముందు సెల్యూట్ కొట్టాలి. 2001 నవంబరులో బంజీ కంపెనీ హేలో మొదటి ఆట తెచ్చినప్పుడు హీరోకి ఈ హోదానే ఇచ్చింది. లోకాన్ని కాపాడేది ఆయన, ఆర్డర్ ఇచ్చేది కెప్టెన్ కీస్. మన పోలీసు భాషలో చెప్పాలంటే హీరో హెడ్ కానిస్టేబుల్ వైపు మనిషి, ఎస్పీ వైపు మనిషి కాదు.

అసలు అంతరిక్షంలో నేవీ హోదాలు ఎందుకున్నాయి? కథలు రాసినవాళ్లు ఎక్కడి నుంచి వచ్చారో చూస్తే తెలుస్తుంది. రాబర్ట్ హైన్‌లైన్ అనే రచయిత 1929లో అమెరికా నేవీ అకాడమీ నుంచి బయటికొచ్చాడు. క్షయ వ్యాధి రావడంతో 1934లో ఉద్యోగం పోయింది. తర్వాత కథలు రాశాడు. 1959లో ఆయన రాసిన స్టార్‌షిప్ ట్రూపర్స్ నవలలో సిపాయిలు ఇనుప కవచం లాంటి యంత్రాలు తొడుక్కుని వేరే గ్రహాల మీద దూకుతారు. ఈనాటి ఆటల్లో కనిపించే కవచం సిపాయిలకు పెద్దన్న అదే. 1966లో టీవీలో మొదలైన స్టార్ ట్రెక్‌ను తయారుచేసిన జీన్ రాడన్‌బెరీ రెండో ప్రపంచ యుద్ధంలో బాంబర్ విమానం నడిపినవాడు. వీళ్లకు తెలిసిన పద్ధతి అది. ఓడలో ఒక కెప్టెన్, ఆయన కింద ఇంకొకరు, ఆయన కింద మరొకరు. ఆకాశంలో పోయేది కూడా ఓడే అనుకున్నారు, అదే వరస పైకి పట్టుకెళ్లారు.

ఇక్కడో చిన్న మాట. ఎన్‌డీఏ, సీడీఎస్ రాసే తమ్ముళ్లకు పనికొస్తుంది. ఆర్మీలో కెప్టెన్ అంటే మేజర్ కన్నా కింద. నేవీలో కెప్టెన్ అంటే ఆర్మీ కల్నల్‌తో సమానం. ఆటల్లో "కెప్టెన్" అని వినిపిస్తే అది ఓడ కెప్టెనా, నేల మీద కెప్టెనా చూసుకోవాలి.

కంప్యూటర్ ఆటల్లోకి ఈ ర్యాంకులు ఎలా వచ్చాయో చూద్దాం. 1990లో క్రిస్ రాబర్ట్స్ చేసిన వింగ్ కమాండర్ అనే ఆటలో మనం కొత్తగా చేరిన పైలట్. మిషన్ బాగా చేస్తే మెడల్ ఇస్తారు, ప్రమోషన్ ఇస్తారు. ఓడిపోయినా ఆట ఆగిపోదు, యుద్ధమే వేరే దారి పడుతుంది. పనిచేస్తే పైకి, లేకపోతే కిందే. ఇది అందరికీ నచ్చే లెక్క.

1994లో ఎక్స్‌కామ్ వచ్చింది, దాన్ని చేసింది జూలియన్ గాలప్. గ్రహాంతరవాసుల మీద మన దళాన్ని మనమే నడపాలి. రూకీతో మొదలై స్క్వాడీ, సార్జెంట్, కెప్టెన్, కల్నల్, కమాండర్ వరకు ఉంటుంది. ఆటగాళ్లు మర్చిపోలేనిది ఒకటుంది. పెద్ద హోదావాడు చచ్చిపోతే మిగతావాళ్ల ధైర్యం జారిపోతుంది. కొందరు తుపాకీ పడేసి పరుగెడతారు, కొందరు పిచ్చెక్కినట్టు కాలుస్తారు. అందుకని ఆడేవాళ్లు ఏం చేస్తారో తెలుసా? తలుపు తీయాలన్నా, చీకట్లోకి ముందు వెళ్లాలన్నా రూకీనే పంపిస్తారు. కల్నల్‌ని వెనక దాచుకుంటారు. నేనూ అదే చేశాను. ఆట గెలిచాక ఆలోచిస్తే నాకే అదోలా అనిపించింది. చచ్చిన రూకీల పేర్లు ఒక్కటీ గుర్తులేవు.

1998లో వచ్చిన స్టార్‌క్రాఫ్ట్ ఇంకో వైపు చూపించింది. అందులో ప్రభుత్వం ఖైదీల బుర్ర కడిగేసి సిపాయిలుగా పంపిస్తుంది. జిమ్ రేనర్ అనే మార్షల్ జనాన్ని కాపాడాలని రోగం పట్టిన ఒక సైనిక స్థావరాన్ని పేల్చేస్తే, జనరల్ డ్యూక్ ఆయన్నే అరెస్టు చేయిస్తాడు. తర్వాత రేనర్ తిరుగుబాటు నాయకుడు మెంగ్స్క్ దగ్గర చేరతాడు. ఆ నాయకుడు కూడా తన కోసం ప్రాణం పెట్టిన కెరిగన్‌ని శత్రువుల మధ్య వదిలేయమని ఆర్డర్ ఇస్తాడు. అప్పుడు రేనర్ అతన్ని వదిలి వెళ్లిపోతాడు. పై నుంచి వచ్చిన ప్రతి ఆర్డరూ న్యాయం కాదని ఆ ఆట పిల్లలకు చెప్పింది.

2007లో మాస్ ఎఫెక్ట్ వచ్చింది. అందులో ఆష్లీ విలియమ్స్ అని ఒకామె ఉంటుంది, హోదా గన్నరీ చీఫ్. ఎంత కష్టపడినా మంచి పోస్టింగ్ రాదు. కారణం వాళ్ల తాత. ఆయన ఒకప్పుడు జనరల్, ముట్టడిలో చిక్కుకున్న ఊరి జనం చచ్చిపోతుంటే చూడలేక శత్రువుకు లొంగిపోయాడు. ఆ మచ్చ కొడుక్కీ తగిలింది, మనవరాలికీ తగిలింది. కాగితం మీద ర్యాంకు పని వల్ల వస్తుందని రాసి ఉన్నా, ఫైలు తెరిచే చేతులు ఇంటిపేరు చూస్తాయి. ఇది మనకు కొత్త సంగతా?

ఇప్పుడు మళ్లీ హేలో దగ్గరికి వస్తా. దానిలో శత్రువు పేరు కోవెనెంట్. అది ఒక జాతి కాదు, చాలా జాతుల కూటమి. అన్నిటికన్నా పైన ప్రాఫెట్లు. వాళ్లు దేవుడి మాట చెప్తారు. వాళ్ల కింద ఎలైట్లు, వీళ్లు ఆఫీసర్లు. ఇంకా కింద బ్రూట్లు, జాకల్స్. అట్టడుగున పొట్టి గ్రంట్లు. గ్రంట్ ఎంత బాగా పోరాడినా ఎలైట్ కాలేడు. పుట్టిన జాతే హోదా. మొదటి ఆటలో ఎలైట్ల కవచం రంగు చూసి హోదా చెప్పొచ్చు: నీలం చిన్నవాడు, ఎరుపు వాడికన్నా పెద్ద, బంగారు రంగు ఇంకా పెద్ద. ఎలైట్‌ను కొట్టి పడేస్తే గ్రంట్లు చేతులెత్తి కేకలేస్తూ పారిపోతారు. అందరం నవ్వుకుంటాం. కానీ ఒకసారి ఆలోచించండి. వాళ్లకు ఆ యుద్ధం ఏనాడూ వాళ్లది కాదు. ఆర్డర్ ఇచ్చేవాడు పోయాక ఎందుకు నిలబడాలి?

2004లో హేలో 2 వచ్చింది. ప్రాఫెట్లు ఎలైట్లను పక్కనపెట్టి వాళ్ల కాపలా పదవులు బ్రూట్లకు ఇచ్చేస్తారు. దాంతో కూటమి రెండుగా చీలుతుంది. తరతరాలు నమ్మకంగా పనిచేసిన ఎలైట్లు తిరగబడి, నిన్నటి శత్రువులైన మనుషులతో కలుస్తారు.

పుట్టుకను బట్టి సైన్యంలో చోటు ఇవ్వడం అనేది ఆటవాళ్లు ఊహించి పెట్టిందేమీ కాదు. మన దేశంలోనే జరిగింది. 1857 తర్వాత బ్రిటిష్ వాళ్లు కొన్ని జాతులు "యుద్ధ జాతులు", మిగతావి కావు అని లెక్కలు కట్టారు. మద్రాసు సైన్యంలో ఒకప్పుడు తెలుగు సిపాయిలు బాగానే ఉండేవాళ్లు. 1885 నుంచి 1893 వరకు భారత సైన్యాధిపతిగా ఉన్న లార్డ్ రాబర్ట్స్‌కు దక్షిణాది వాళ్ల మీద నమ్మకం లేదు. ఆ కాలంలో ఇక్కడి నుంచి తీసుకోవడం బాగా తగ్గించేశారు. చేరినవాళ్లకైనా పై మెట్టు సుబేదార్ మేజర్. తల నెరిసిన సుబేదార్ మేజర్ కూడా లండన్ నుంచి దిగిన కుర్ర లెఫ్టినెంట్ కిందే. 1918లో గానీ సాండ్‌హర్స్ట్ అకాడమీలో మనవాళ్లకు సీట్లు ఇవ్వలేదు, అవి కూడా ఏడాదికి 10. డెహ్రాడూన్‌లో మన సొంత అకాడమీ 1932లో వచ్చింది.

ఇక మన కొండల సంగతి. 1922లో అల్లూరి సీతారామరాజుతో గాం గంటం దొర, మల్లు దొర లాంటి మనవాళ్లు నిలబడ్డారు. పోడు మీద ఆంక్షలు, రోడ్ల పనిలో కూలి సరిగా ఇవ్వకుండా చేయించిన చాకిరీ వాళ్లను అక్కడి దాకా తెచ్చాయి. ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల నుంచి తుపాకులు తీసుకెళ్లారు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో ఏం జరిగిందో గమనించండి. పోలీసు దళం వరసగా నడిచి వస్తోంది. ముందు నడుస్తున్న మన దేశపు సిపాయిలను మనవాళ్లు పోనిచ్చారు. వెనక వచ్చిన స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల ఆఫీసర్లను కాల్చారు.

ఎక్స్‌కామ్‌లో నేను రూకీని ముందు పంపినట్టే ఆ రోజూ సిపాయిలనే ముందు నడిపించారు. చెట్ల చాటున ఉన్నవాళ్లు మాత్రం ముందు నడిచేవాడు ఎవరు, ఆర్డర్ ఇచ్చేవాడు ఎవరు అని వేరు చేసి చూశారు. వాళ్లలో చాలామంది బడి మొహం చూడనివాళ్లు. ఏ మిలటరీ పుస్తకమూ చదవలేదు. కూలికొచ్చిన సిపాయి కూడా తమలాంటివాడే అని వాళ్లకు తెలుసు.

దానికి అటువైపు జవాబు ఏంటంటే, 1924లో అస్సాం రైఫిల్స్‌ను దింపారు. ఆ రెజిమెంట్‌లో చేరేది ఎక్కువగా గూర్ఖాలు, ఈశాన్యపు కొండజాతుల వాళ్లు. కొండల్లో పోరాడే జనం మీదకి కొండల్లో పుట్టిన సిపాయిలనే పంపడం. హేలో నవలలో కూడా ఇదే ఉంది, చాలామంది ఆడేవాళ్లకు తెలియదు. మాస్టర్ చీఫ్ అసలు పేరు జాన్. 6 ఏళ్ల వయసులో ఇంటి నుంచి ఎత్తుకొచ్చారు. అలా తెచ్చిన పిల్లలు 75 మంది. పిల్లలను తెచ్చింది గ్రహాంతరవాసుల కోసం కాదు, అప్పటికి వాళ్లెవరో కూడా తెలియదు. దూరపు గ్రహాల్లో తిరగబడుతున్న మనుషులను అణచడానికి. పిల్లల పేర్లలో ఇంటిపేరు తీసేసి నంబరు పెట్టారు. జాన్ నంబరు 117. కోట్లమంది ఆడిన ఆటలో హీరో వెనక ఉన్న కథ ఇది.

1924 మే 7న రాజును కాల్చి చంపారు. జూన్‌లో గంటం దొర నేలకొరిగాడు. ఆ తర్వాత పోరాటం ఎక్కువ కాలం నిలవలేదు. ఒకరిద్దరి మీదే ఆధారపడిన వరస ఎంత గట్టిదైనా, ఆ ఒకరిద్దరు పోతే కూలుతుంది. ఎక్స్‌కామ్ ఆడిన ప్రతివాడికీ ఇది తెలిసిన సంగతే. మన సంఘాలకూ ఇది వర్తిస్తుంది. ఒక్క అన్న ఫోన్ ఎత్తకపోతే మీటింగే జరగని సంఘాలు మనకెన్ని లేవు?

ఈ గ్రూపులో కానిస్టేబుల్‌కి, సీఆర్‌పీఎఫ్‌కి, అగ్నివీర్‌కి ప్రిపేర్ అయ్యే తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామంది ఉన్నారు. పొద్దున్నే 5 గంటలకు రోడ్డు మీద పరుగెత్తేవాళ్లను నేను చూస్తుంటాను. ఉద్యోగం వద్దని నేను అనను. ఇంటికి జీతం కావాలి, యూనిఫాం గౌరవమే. నేను చెప్పేది రెండు మాటలు. ఒకటి, సిపాయి నిచ్చెనతో ఆగిపోకండి. డిగ్రీ చదివేవాళ్లు సీడీఎస్ రాయండి, ఇంటర్ వాళ్లు ఎన్‌డీఏ రాయండి, గ్రూప్స్ రాయండి. ఆర్డర్ రాసే టేబుల్ దగ్గర మనవాళ్లు ఒకరైనా ఉండాలి. రెండు, ఆ టేబుల్ దగ్గర కూర్చున్న రోజు దామనపల్లి గుర్తుంచుకోండి. ముందు నడిచేవాడికి కూడా ఒక పేరుంటుంది, ఒక ఊరుంటుంది.

మా తమ్ముడికి ఇదంతా చెప్పాక వాడు కాసేపు ఊరుకుని, "అయితే అన్నా, మాస్టర్ చీఫ్‌ని కూడా వాళ్ల ఊరి నుంచే తీసుకెళ్లారన్నమాట" అన్నాడు. అవునన్నాను. వాడు మళ్లీ ఆట పెట్టాడు. కానీ ఈసారి ఎలైట్ పడ్డాక పారిపోతున్న గ్రంట్లను కాల్చలేదు.

మీ ఊళ్లలో 1922 నాటి సంగతులు విన్న పెద్దవాళ్ల పిల్లలు, మనవలు ఎవరైనా ఉంటే కూర్చుని అడగండి. ఎవరు ముందు నడిచారు, ఎవరు తిండి మోశారు, ఎవరు కబురు తెచ్చారు, పుస్తకాల్లో లేని ఆ పేర్లు రాసి కింద పెట్టండి. నేను ఒకచోట చేరుస్తాను.

జోహార్.